మా అపార్ట్‌మెంటు రాజ్యాంగ ధర్మాసనం

సుప్రీంకోర్టులో 80 వేలకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయని పత్రికల్లో చదివినప్పుడల్లా, ఆ కట్టలన్నీ మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకు ఎందుకు పంపించరా అనిపిస్తుంది. ఆదివారం ఇడ్లీలు చల్లారేలోపు అన్నీ తేలిపోతాయి. రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని తేల్చిన కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని, 68 రోజులు వాదనలు విని, తీరా 1973లో తీర్పు చెప్పే వేళకు 7–6గా చీలిపోయారు. ఈ సంగతి గ్రూపులో పెడితే ఐదో అంతస్తు పెద్దాయన జాలిపడ్డారు. ‘‘పాపం, వాళ్లకు అప్పట్లో గూగుల్ లేదు కదండీ’’ అన్నారు.

ధర్మాసనం కూర్పు గురించి కొంచెం చెప్పాలి. ప్రధాన న్యాయమూర్తి స్థానంలో రిటైరైన బ్యాంకు మేనేజరు గారు ఉంటారు. అప్పు పత్రాల మీద ఏళ్ల తరబడి జనం చేత సంతకాలు పెట్టించిన అనుభవం వల్ల చట్టం ఆయనకు కరతలామలకం. సైన్సు విభాగం ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది. ఆఫీసులో ఆయన చూసేది వెబ్‌సైట్లలో బటన్ల రంగులే అయినా, క్వాంటం సిద్ధాంతం మొదలు వ్యాక్సిన్ల దాకా ఏదీ ఆయన పరిధి దాటిపోదు. డల్లాస్‌లో స్థిరపడిన ఫ్లాటు యజమానులు ఇద్దరు నిద్రపోయే ముందు ఏదో ఒక అభ్యంతరం లేవదీస్తారు. అది సరిగ్గా మా ఉదయం కాఫీ వేళకు అందుతుంది. ఇక నీతిశాస్త్రం అందరిదీ. ఎవరైనా మాట్లాడవచ్చు, నీతి ఎదుటివాళ్లదైతే చాలు.

విచారణ తీరు తెలియడానికి ఒక కేసు చూడండి. చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్, జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారని 2018 నవంబరులో ప్రకటించి ప్రపంచాన్ని హడలగొట్టాడు. హెచ్‌ఐవీ సోకకుండా పిండదశలోనే సీసీఆర్‌5 అనే జన్యువు మీద కత్తెర పెట్టాడు. మరుసటి ఏడాది అక్కడి కోర్టు మూడేళ్ల జైలు వేసింది. మా ధర్మాసనం అతణ్ణి ఏకగ్రీవంగా ఖండించింది. సృష్టితో ఆటలా, అన్నారు. ఆ ఆవేశం చల్లారకముందే, ఇంటర్ చదువుతున్న కుర్రాడి తండ్రి ఒకాయన, లెక్కలు బాగా వచ్చే జన్యువు ఏదైనా ఉందా, ఉంటే హైదరాబాదులో ఎక్కడ చేస్తారు అని అడిగారు. ఆయన్ను ఎవరూ ఖండించలేదు. ఇద్దరు మాత్రం వివరాలు తెలిస్తే తమకూ విడిగా పంపమన్నారు.

అయితే ధర్మాసనం ప్రతిభ పూర్తిగా బయటపడింది డ్రైవరు లేని కార్ల విషయంలో. బ్రేకులు పడని కారు ముందు ఒకవైపు ఐదుగురు, మరోవైపు ఒక్కరు ఉంటే ఎవరిని కాపాడాలి? బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో ట్రాము బండిని అడ్డుపెట్టుకుని వేసిన చిక్కు ప్రశ్న ఇది. ఎంఐటీ పరిశోధకులు దాన్ని కార్లకు మార్చి ఇంటర్నెట్‌లో పెడితే ప్రపంచం నలుమూలల నుంచి దాదాపు 4 కోట్ల జవాబులు వచ్చాయి. మా గ్రూపులో చర్చ పిల్లలా, ముసలివాళ్లా అన్న దగ్గర మొదలై, కారు కొత్తదా, ఈఎంఐలు తీరాయా అన్నంత లోతుకు వెళ్లింది. ‘‘యంత్రానికి ముందు మనిషి ప్రాణం విలువ నేర్పాలి’’ అన్న గంభీరమైన వాక్యం సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది. వాయిస్ మెసేజిగా పంపారు. వెనక హారన్లు వినిపించాయి, మధ్యలో ఎవరో ఆయన్ను చూసి నడపమని తిట్టడమూ వినిపించింది.

ఆ ఊపులో నేనూ నాలుగు వాస్తవాలు అందించాను. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీ నగరంలో, ఉబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, రాత్రిపూట సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. ఐదుగురా, ఒక్కరా అన్న ధర్మసంకటం ఆ కారుకు ఎదురే కాలేదు. గుద్దడానికి ఐదు సెకన్లకు ముందే అది ఆమెను పసిగట్టింది. పసిగట్టి, ఇది వాహనమా, సైకిలా, మరో వస్తువా అని మాటిమాటికీ అభిప్రాయం మార్చుకుంటూ ముందుకే పోయింది. జీబ్రా గీతలు లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ సాఫ్ట్‌వేరులో లేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది. ఆ కారును తెచ్చి అమీర్‌పేటలో వదిలితే దాని లెక్క ప్రకారం హైదరాబాదు నిర్మానుష్యం. కారులో కాపలాగా కూర్చున్న ఉద్యోగిని ఫోనులో వీడియో చూస్తోందన్నారు. కేసు ఆమె మీద పడింది, 2023లో మూడేళ్ల ప్రొబేషన్, అంటే జైలుకు బదులు అధికారుల పర్యవేక్షణ, విధించారు. కంపెనీ మీద క్రిమినల్ కేసు లేదు.

దీనికి రెండు బొటనవేళ్లు వచ్చాయి. అటా ఇటా అని చీలడానికి వీలులేని సంగతికి మా దగ్గర అంతకన్నా మర్యాద దక్కదు.

అరిజోనా దూరమనుకుంటే, తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేరు ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న సమాచారాన్ని జోడించి, ఎవరింట్లో ఏముందో, ఎవరికి రేషను బియ్యం అక్కర్లేదో చెబుతుంది. ఒకరి పేరు మరొకరి పేరుతో కలిసిపోయిందనుకోండి, రిక్షా తొక్కేవాడి పేరున కారు వచ్చి పడుతుంది, కార్డు పోతుంది. రద్దయిన లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎవరి మీదుగా బండి పోనివ్వాలన్న చిక్కు ప్రశ్నకు ఇక్కడ ఎవరినీ అడక్కుండానే జవాబు రాసేశారు. ధర్మాసనం ఏకవాక్య తీర్పు: ‘‘పెద్ద వ్యవస్థ అన్నాక చిన్న చిన్న పొరపాట్లు తప్పవండీ.’’ చెప్పినవారి ఇంట్లో రేషను కార్డు ఉన్నట్టు ఆధారాలు లేవు.

గోప్యత విషయానికి వస్తే మావాళ్లను పట్టలేం. రిటైర్డ్ న్యాయమూర్తి పుట్టస్వామి 86 ఏళ్ల వయసులో వేసిన కేసు, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పడం, అలాంటి హక్కు లేదన్న 1954 నాటి ఎనిమిది మంది తీర్పు పక్కకు పోవడం, అన్నీ మేనేజరు గారికి కంఠతా వచ్చు. రోడ్ల మీద పోలీసు కెమెరాలు జనం ముఖాలు గుర్తుపడుతున్నాయన్న వార్త వచ్చిన రోజున ఆయన ‘‘నా ముఖం నా ఆస్తి’’ అని రాశారు. దానికి చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి.

ఆ చప్పట్లు తెర మీద ఇంకా పైకి జరగకముందే కార్యదర్శి గారు ఒక ప్రతిపాదన పెట్టారు. గేటు దగ్గర ముఖాన్ని గుర్తించే యంత్రం. పనివాళ్లకు మాత్రమే. నలభై నిమిషాల్లో ఆమోదం పొందింది. నా ముఖం నా ఆస్తి అన్నవారే ముందుగా బలపరిచారు.

వైరుధ్యం ఏమీ లేదు. మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని మించిన సిద్ధాంతం ఒకటి మా ధర్మాసనం ఎప్పుడో కనిపెట్టింది, దాని పేరు ‘అది వేరండీ’. ప్రభుత్వం మన ముఖం చూడటం నిఘా. మనం వంటావిడ ముఖం చూడటం భద్రత. ఆమె ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, పక్క బ్లాకులో ఎవరింటికి వెళ్లింది, వాళ్లు ఆమెకు అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇచ్చారు, అన్నీ యాప్‌లో ఇప్పటికే కనిపిస్తాయి. ఆమె మనకు ఎన్ని నక్షత్రాలు ఇస్తుందో నమోదు చేసే గడి అందులో లేదు. అది వేరండీ.

రెండో అంతస్తులో లా చదువుతున్న అమ్మాయి ఒకత్తె భిన్నాభిప్రాయం రాసింది. ఆ ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నాళ్లు ఉంటాయి, ఎవరైనా వద్దంటే పనిలోంచి తీసేస్తారా అని అడిగింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలి, మనం తెలుగులోనైనా ఇచ్చామా అని గుర్తుచేసింది. మేనేజరు గారు ఆప్యాయంగా ‘‘నువ్వు పరీక్షల మీద దృష్టి పెట్టమ్మా’’ అన్నారు. ఆ తర్వాత గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మాట్లాడేలా మార్చారు. ఇంటర్నెట్‌లో రాసిన మాటలకు జైలుకు పంపే వీలిచ్చిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసినప్పుడు భావప్రకటన స్వేచ్ఛ గెలిచిందని స్టేటస్ పెట్టుకున్నది ఈ మార్పు చేసిన అడ్మినే. ఆ కొట్టేసిన సెక్షన్ కింద ఆ తర్వాత కూడా పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో కోర్టు నివ్వెరపోయింది. మా అడ్మిన్ అప్పుడు కూడా నివ్వెరపోయారు.

యంత్రం వచ్చింది. వాచ్‌మన్ గది కిటికీ ఊచకు తీగతో కట్టారు. పొద్దున్నే ఎండ సరిగ్గా వచ్చేవాళ్ల వీపు మీద పడుతుంది కనుక తెర మీద అందరూ నల్లగా, ఒక్కలాగే కనిపిస్తారు. వంటావిడ కూరగాయల సంచి కింద పెట్టి, కొంగు సర్దుకుని, గడ్డం పైకెత్తి నిలబడుతుంది. యంత్రం ఆలోచిస్తుంది. ‘‘ఇంకొంచెం ఇటు జరుగక్కా’’ అంటాడు వాచ్‌మన్. వెనక పనివాళ్ల వరస పెరుగుతూ ఉంటుంది. పక్కన కారు వస్తే అద్దం మీది స్టిక్కరు చూసి గేటు దానంతట అదే లేస్తుంది. లోపల ఎవరున్నారో యంత్రం అడగదు.

కార్లకే స్టిక్కరు గాని కాళ్లకు లేదు కదా. ఒకరోజు మేనేజరు గారు తిరుమల నుంచి గుండుతో, గంధంతో, చేతిలో లడ్డూల కవరుతో ఆటో దిగి నడిచి వచ్చారు. వాచ్‌మన్ కొత్తవాడు, నియమం ప్రకారం యంత్రం ముందు నిలబెట్టాడు. యంత్రం ఎరగనంది. ఆయన పేరు చెప్పారు, ఫ్లాటు నంబరు చెప్పారు, గొంతు పెంచారు. చివరికి వరసలో ఉన్న వంటావిడ, ‘‘మన పెద్ద సారే అన్నా, నేను చెబుతున్నాగా’’ అంటే లోపలికి వదిలాడు.

ఆ రాత్రి ధర్మాసనం అత్యవసరంగా కూర్చుంది. పుట్టస్వామి తీర్పు మళ్లీ బయటికొచ్చింది, మనిషి గౌరవం యంత్రం దయ మీద ఆధారపడకూడదని మేనేజరు గారు కళ్లు చెమర్చేలా రాశారు. నివాసులెవరినీ ఆ యంత్రం ముందు నిలబెట్టరాదని తీర్మానమైంది. లడ్డూలు పంచారు. వంటావిడకు ఇచ్చిన రెండు లడ్డూలు సాయంత్రం గేటు దగ్గర సంచి తనిఖీలో దొరికాయి. ఎవరిచ్చారని ఫోను చేసి కనుక్కుని వదిలేశారు.

ప్రస్తుతం గ్రూపులో చంద్రుడి మీద చర్చ నడుస్తోంది. ఏ దేశమూ అక్కడి నేల తనదని చెప్పుకోరాదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందం అంటోంది. దేశాలకు వద్దన్నారు గాని మనకు వద్దనలేదు కదా అని డల్లాస్ నుంచి ఒక అభ్యంతరం వచ్చింది. తూర్పు ముఖం ప్లాట్లకు గిరాకీ బాగుంది. అక్కడి లేఅవుట్లకు హెచ్‌ఎండీఏ అనుమతి వర్తిస్తుందా అన్న ఒక్క అంశం మీదే ధర్మాసనం తీర్పు రిజర్వు చేసింది.