ఏడాదికి రెండుసార్లు తీసే పాత బండికి ఇన్సూరెన్స్ దండగేనా?

పాత ఫియట్లు, అంబాసిడర్లు, విల్లీస్ జీపులు, జావాలు ఉన్నవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇదీ: ఎప్పుడో ఒకసారి తీసే బండికి ఇన్సూరెన్స్ అక్కర్లేదు, 50 ఏళ్లు దాటి వింటేజ్ నంబరు వస్తే చట్టమే మినహాయించింది, మరీ భయమైతే థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే వర్తించే పాలసీ) చాలు, పాత బండికి కంపెనీ ఎలాగూ విలువ కట్టదు, పెళ్లిళ్లకు ఇచ్చుకున్నా ఇబ్బంది లేదు, ర్యాలీ ఉంటే ముందురోజు ఆన్‌లైన్‌లో కట్టేస్తే సరి. ఇందులో ఒక్కచోట సగం నిజం ఉంది. మిగతాదంతా బండి పోయాక తెలిసే రకం.

"తక్కువ నడిపితే అక్కర్లేదు"

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్‌లో కిలోమీటర్ల లెక్క ఎక్కడా లేదు. బహిరంగ ప్రదేశంలో బండి వాడితే థర్డ్ పార్టీ పాలసీ ఉండాలి, అంతే. పెట్రోలు బంకు దాకా వెళ్లొచ్చినా అదే రూలు. పట్టుబడితే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. అది చిన్న ఖర్చే. ఎవరికైనా తగిలితే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి మాత్రం పైపరిమితి లేదు. పాలసీ లేకపోతే అదంతా యజమాని మీదే పడుతుంది.

సగం నిజం ఇక్కడే ఉంది. ప్రహరీ దాటకుండా సొంత షెడ్డులో ఉన్న బండికి 146 వర్తించదు. 2025 ఆగస్టులో విశాఖ ఉక్కు కర్మాగారం యార్డులో తిరిగే వాహనాల కేసులో, జనానికి ప్రవేశం లేని చోటు బహిరంగ ప్రదేశం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది పన్ను కేసు. పైగా కాపలా ఉన్న యార్డు. ఫంక్షన్ హాలు పార్కింగును, ఇంటి ముందు సందును దానితో పోల్చుకుంటే కుదరదు. రోడ్డు పక్కన ఊరికే ఆపి ఉంచితే వాడకం కాదన్న వాదన కూడా నిలవదు. బోల్తాపడి కదలకుండా ఉన్న పెట్రోలు ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలితే, అది కూడా 'వాడకం'లో భాగమేనని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

"వింటేజ్ నంబరుంటే మినహాయింపు"

2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని సొంత వాడకపు బండి వింటేజ్ అవుతుంది. దరఖాస్తు ఫారం 20లో పెట్టాలి. దానికి జత చేయాల్సిన కాగితాల్లో ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఉంది. అంటే పాలసీ లేకపోతే ఆ నంబరే రాదు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ 5,000. పాత ఏపీ నంబరు ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు, వింటేజ్ బండ్లకిచ్చే 'వీఏ' ప్లేటు కొత్త రిజిస్ట్రేషన్లకే.

మినహాయింపు లేదు కానీ తగ్గింపు ఉంది. 2022 జూన్ 1 రేట్ల ప్రకారం 1000-1500 సీసీ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416. వింటేజ్‌గా రిజిస్టరైతే అందులో సగం, అంటే 1,708, పన్ను అదనం. ఈ సగం ప్రైవేటు కార్లకే. 350 సీసీ లోపు పాత బుల్లెట్‌కు 1,366 పూర్తిగా కట్టాల్సిందే.

ఇంకో తికమక ఉంది. ఆర్టీవో చెప్పే వింటేజ్ వేరు, పాలసీలో రాసే వింటేజ్ వేరు. కంపెనీలు ఇప్పటికీ ఆధారంగా పెట్టుకునే 2002 టారిఫ్‌లో (మోటారు ఇన్సూరెన్స్ రేట్లు, షరతుల పుస్తకం) వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్న కారు. ఓన్ డ్యామేజీ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 25 శాతం తగ్గింపు, ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ దానికే. 1968 ఫియట్‌కు వింటేజ్ ప్లేటు రావచ్చు, ఈ రెండూ రావు.

"థర్డ్ పార్టీ చాలు, ఆగి ఉన్న బండికి ఏమవుతుంది?"

తక్కువ నడిచే బండికి అసలు ప్రమాదం ఆగి ఉన్నప్పుడే. నెలల తరబడి కదలకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, పెట్రోలు రాకను అదుపు చేసే ఫ్లోట్ నీడిల్ అతుక్కుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాతకాలపు రబ్బరు పైపులు పగుళ్లిస్తాయి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పెట్రోలు పొంగి కింద ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ వెళ్లే వేడి గొట్టం) మీద పడితే నిప్పంటుకుంటుంది. థర్డ్ పార్టీ పాలసీలో దీనికి రూపాయి రాదు. దొంగతనానికీ అంతే, నీట మునిగినా అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇళ్ల ముందు ఆపిన బండ్లే మునిగాయి. మునిగిన బండికి ఫుల్ పాలసీ (సొంత బండి నష్టానికీ వర్తించేది) ఉన్నా సరే, సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది వరద నష్టం కాదు, మీరు చేసుకున్నదని సర్వేయరు కొట్టేస్తాడు. బ్యాటరీ తీగ విప్పి, ప్లగ్గులు తీసి, తోయించుకుని వెళ్లాలి.

ఫుల్ పాలసీ బరువనిపిస్తే, థర్డ్ పార్టీతో పాటు అగ్నిప్రమాదం, దొంగతనం మాత్రమే కవరయ్యే పాలసీ ఉందేమో అడగండి. ఏజెంట్లు దీన్ని తమంతట తాము చెప్పడం అరుదు. ఫుల్ పాలసీ ఉండి బండి వరుసగా రెండు నెలలకు తగ్గకుండా షెడ్డులోనే ఉంటుందనుకుంటే, ముందుగా రాతపూర్వకంగా తెలిపి ఐఎంటీ 11 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే అదనపు షరతు) వేయించుకోవచ్చు. ఆ కాలంలో అగ్ని, దొంగతనం, వరదలాంటివి కవరవుతాయి, మిగతా బాధ్యత ఆగిపోతుంది. మిగిలిన ప్రీమియం వచ్చే ఏడాదికి సర్దుతారు, లేదా గడువు పొడిగిస్తారు. ఆ రోజుల్లో గేటు దాటిస్తే మాత్రం పాలసీ లేనట్టే.

"పాత బండికి విలువ కట్టరు"

ఐదేళ్లు దాటిన బండి విలువ కట్టడానికి తరుగుదల పట్టిక లేదు. కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ. కాబట్టి బేరం ఆడాలి: రీస్టోరేషన్ బిల్లులు, నాలుగు వైపుల నుంచీ, ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు కనిపించేలా ఫోటోలు, వాల్యూయర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని.

ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ 75,000 రాయించుకున్న ఫియట్‌కు ముందు భాగం దెబ్బతిందనుకుందాం. ఇనుప భాగాలు 30,000. బండి పదేళ్లు దాటింది కాబట్టి విడిభాగాల తరుగుదల పోగా సగమే: 15,000. రబ్బరు, ప్లాస్టిక్ 6,000లో సగం 3,000. అద్దానికి కోత లేదు, 8,000. టింకరింగ్ కూలీ 20,000 పూర్తిగా. పెయింటింగ్ 16,000లో పావు వంతు రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, మిగిలేది 14,000. మొత్తం 60,000. తప్పనిసరి కోత 1,000 పోగా 59,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క; ఇక్కడ 75 శాతం అంటే 56,250. దాటింది కాబట్టి టోటల్ లాస్. బాగుచేయదగ్గ కారు కాగితాల మీద తుక్కైపోతుంది, ఆర్సీ రద్దు చేయించమంటారు. ఐడీవీ 3 లక్షలు రాయించుకుని ఉంటే టారిఫ్ రేటు మూడున్నర శాతం చొప్పున అదనంగా అయ్యేది 7,900 దరిదాపు, డిస్కౌంట్లు ఉంటే ఇంకా తక్కువ.

"పెళ్లి ఊరేగింపుకు ఇచ్చుకోవచ్చు"

డబ్బు తీసుకుని ఇస్తే ప్రైవేటు పాలసీ నిబంధన మీరినట్టే. షూటింగ్‌కు అద్దెకిచ్చినా అంతే. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంటే వ్యాపార వాడకం ఆ నిబంధనల ప్రకారమే నిషేధం. వేగం, సమయం లెక్కించే ర్యాలీకి ఐఎంటీ 31 ఎండార్స్‌మెంట్ విడిగా వేయించుకోవాలి.

"ముందురోజు కడితే సరి"

థర్డ్ పార్టీ దొరకొచ్చు. ఫుల్ పాలసీ గడువు తీరితే బండి తనిఖీ అయ్యాకే మళ్లీ ఇస్తారు. 90 రోజులు దాటితే పోగైన నో క్లెయిమ్ బోనస్, అది 50 శాతం దాకా చేరి ఉన్నా, పోయినట్టే. ఇంతా చేసి ఆర్సీ గడువు తీరిపోయి ఉంటే? తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన కారు దొంగతనానికి గురైన కేసులో, పాలసీ నడుస్తున్నా క్లెయిమ్ చెల్లదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు ఆర్సీని మొదటి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకూ, వింటేజ్ ఆర్సీని మొదటి పదేళ్ల తర్వాతా రెన్యువల్ చేయించాలి. షెడ్డులో ఉండే బండికి ఈ తేదీ ఎవరికీ గుర్తుండదు.