ప్రొజెక్టర్‌ను ముందే సరిచూసుకునేవారిపై చర్య తీసుకోవాలి

ఈ మధ్య కొందరికి ఒక ప్రమాదకరమైన అలవాటు అబ్బింది. మీటింగ్‌కి పావుగంట ముందే వచ్చి, లాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి తగిలించి, మొదటి స్లైడ్ తెరమీద పడిందని నమ్మకం కుదిరాకే కుర్చీలో కూర్చుంటున్నారు. పైకి బుద్ధిమంతుల లక్షణంలా కనిపించే ఈ పని వల్ల సభలకు ఎంత నష్టం జరుగుతోందో ఎవరికీ పట్టడం లేదు.

స్లైడ్ల ప్రసంగంలో జనం కళ్లప్పగించి చూసేది ఒక్క ఘట్టాన్నే. అది తెరమీద ఇంకా ఏమీ పడని ఘట్టం. నీలం తెర, దాని మధ్యలో ‘నో సిగ్నల్’. అప్పుడు ఒక్కరూ ఫోన్ తీయరు. వెనక వరుసవాళ్లు కూడా మెడలు సాచి చూస్తారు. వక్త కేబుల్ పీకి మళ్లీ పెడితే హాలంతా ఊపిరి బిగబడుతుంది. అసలు ప్రసంగం మొదలయ్యాక నాలుగో స్లైడ్‌కే ఆవలింతలు. ఉన్న ఆ కాస్త ఉత్కంఠనీ ముందే చంపేసే హక్కు వీళ్లకి ఎవరిచ్చారు?

ఇది ఊరికే వచ్చిన ఉత్కంఠ కాదు. కంప్యూటర్‌లోని బొమ్మని తెరకి చేర్చే వీజీఏ కనెక్షన్‌ని ఐబీఎం 1987లో తెచ్చింది. స్లైడ్లు తయారుచేసే పవర్‌పాయింట్ పుట్టిందీ ఆ ఏడాదే. రోగం, దాన్ని కాసేపైనా ఆపగల మందు ఒకే ఏట దొరకడం మానవాళి అదృష్టం. వీజీఏ ప్లగ్గులో 15 పిన్నులు. నీలం రంగు మోసే పిన్ను వంగితే తెల్లటి స్లైడ్ పసుపు పూసుకుంటుంది, ఆకుపచ్చది పోతే గులాబీ అవుతుంది. తర్వాత హెచ్‌డీఎంఐ 19 పిన్నులతో వచ్చింది, డిస్‌ప్లేపోర్ట్ 20తో, యూఎస్‌బీ-సీ 24తో. అన్నిటికన్నా గొప్పది చివరిదే. చూడ్డానికి అన్ని సీ పోర్టులూ ఒకేలా ఉంటాయి, కొన్నిట్లోంచే బొమ్మ వస్తుంది, మిగతావి చార్జింగ్‌కో ఫైళ్లకో పరిమితం. ఏది ఏదో బయటికి తెలియనివ్వకపోవడంలోనే ఉంది తయారీదారుల ప్రతిభ.

ఇక కన్వర్టర్ల సంగతి. కొత్త లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ, గోడకున్న పాత కేబుల్ వీజీఏ. ఒకటి డిజిటల్, ఇంకొకటి అనలాగ్, కాబట్టి మధ్యలో చిప్ ఉన్న కన్వర్టర్ ఉండాలి. అది కూడా ఇటు నుంచి అటు పనిచేసేది కావాలి. ఎవరో పరుగెత్తి తెచ్చేది మాత్రం ఎప్పుడూ అటు నుంచి ఇటు పనిచేసేదే.

అయినా ఈ కళకి పరాకాష్ఠ విండోస్ కీ, పీ కలిపి నొక్కే క్షణం. బొమ్మ ఏ తెరమీద ఎలా కనిపించాలో ఎంచుకోమని నాలుగు ఆప్షన్లు వస్తాయి. హాల్లో నలుగురు సలహాదారులు లేస్తారు, తలా ఒకటి చెబుతారు. లాప్‌టాప్‌లో ఉన్నదే తెరమీదా చూపించే ‘డూప్లికేట్ పెట్టండి సార్’ అన్నవాడి గొంతు అందరికంటే చిన్నది కనుక వక్త, గోడమీది తెరని లాప్‌టాప్‌కి పొడిగింపుగా మార్చే ‘ఎక్స్‌టెండ్’ నొక్కుతాడు. తెరమీద వాల్‌పేపర్ మాత్రమే పడుతుంది. మౌస్ బాణం లాప్‌టాప్ అంచు దాటి గోడమీదికి వెళ్లిపోతుంది. ఆయన జనానికి వీపు చూపిస్తూ, చెయ్యి మౌస్ మీద, కళ్లు గోడమీద పెట్టి దాన్ని వెతుకుతాడు. ‘కుడికి సార్... ఇంకొంచెం... ఆఁ, పోయింది.’ సభికులూ వక్తా ఇంతగా ఒక్కటయ్యే సందర్భం ఆ పూటకి మళ్లీ రాదు.

అదృష్టం బాగుంటే, వక్తకి మాత్రమే నోట్సు చూపించాల్సిన ప్రెజెంటర్ వ్యూ తారుమారై, స్లైడ్ ఆయనకీ, ఆయన నోట్సు మనకీ కనిపిస్తాయి. ‘ఇక్కడ జోక్ వేయాలి’ అని అందులో ఉంటుంది. జనం జోక్‌కి ముందే నవ్వేస్తారు. తర్వాత ఆయన జోక్ వేస్తాడు. (ముందు నవ్వుకోవడమే మంచిదైందని అప్పుడు తెలుస్తుంది.)

వీడియోలో పెదాలు కదిలి మాట రాకపోవడం దీని తర్వాతి మెట్టు. హెచ్‌డీఎంఐ బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా పట్టుకెళ్లి, పైన సీలింగ్‌కి వేలాడే ప్రొజెక్టర్‌లోని బుల్లి స్పీకర్‌కి అప్పగిస్తుంది. ఆయన కింద లాప్‌టాప్ వాల్యూమ్ పెంచుతూనే ఉంటాడు.

ఇంతటి వినోదాన్ని కాపాడుకోవాలంటే అజెండాలో స్వాగతోపన్యాసం తర్వాత ‘కేబుల్ ఘట్టం’ అని ప్రత్యేకంగా వేసి అరగంట కేటాయించాలి. ముందే వచ్చి సరిచూసుకుంటూ పట్టుబడినవారిని స్లైడ్లు లేకుండా మాట్లాడించాలి. ఇది కఠినమైన శిక్షే, చెప్పదలుచుకున్నది ఏమిటో వాళ్లకి తెలిసి ఉండాల్సి వస్తుంది. సొంత కన్వర్టర్, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ వెంటేసుకుని తిరిగేవారి బ్యాగుల్ని గుమ్మం దగ్గరే తనిఖీ చేయాలి. దొరికిన కన్వర్టర్లన్నీ హాలు బీరువాలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి ఇంకో పావుగంట కలిసొస్తుంది.