శ్రీయుతులు 25 కిలోల లోడ్ కెపాసిటీ గారికి

చిరునామా: బాల్ హెడ్ డబ్బా, కుడివైపు పై మూల, ఎర్ర గుండ్రం లోపల.

అయ్యా,

ఉభయకుశలోపరి. ఉభయులంటే ఇక్కడ మీరూ, మిమ్మల్ని అచ్చువేసినవారూ. లెన్సు క్షేమసమాచారాలు తర్వాత మనవి చేసుకుంటాను.

బాల్ హెడ్ అంటే ట్రైపాడ్ నెత్తిన కూర్చుని, లోపలి బంతి మీద కెమెరాను ఎటైనా తిప్పనిచ్చి, నాబ్ బిగిస్తే పట్టి ఉంచేది. గుప్పిట్లో ఇమిడిపోయే అల్యూమినియం ముక్క. దాని సొంత బరువు అరకిలో ఉంటే గొప్ప. అది 25 కిలోలు మోస్తుందని మీరు పూచీ పడ్డారు. మిమ్మల్ని చూసినవాడికి గుండె నిబ్బరం వస్తుంది. "మన లెన్సు రెండు మూడు కిలోలేగా, ఇంక టెన్షన్ ఎందుకు" అనుకుని కొనేస్తాడు. పెద్ద లెన్సు కొత్తగా కొన్న కుర్రాళ్లు హెడ్ గురించి అడగడానికి నాకు ఫోన్ చేస్తే మొదట వినపడేది మీ పేరే. ఏ రకం హెడ్, నాబ్ ఎలా బిగుస్తుంది, క్లాంపు ఎలాంటిది, ఆ ఊసే ఉండదు. "అన్నా, ఇది 25 అంట, అది 18 అంట. 25 తీసేసుకోనా?" అంతే. పద్దెనిమిది గారు పాపం అప్పటికే ఓడిపోయారు.

అసలు 25 కిలోలు ఎవరికి కావాలో ఒకసారి లెక్క చూద్దాం. సిగ్మా 150-600 ఎంఎం జూమ్ లెన్సు, కంటెంపరరీ రకం, 1.93 కిలోలు. సోనీ 200-600 రెండు కిలోల పైచిలుకు. నికాన్ 200-500 కాలరుతో (లెన్సు నడుముకు ఉండే పట్టీ, దాని పాదమే హెడ్ మీద కూర్చునేది) కలిపి 2.3. వీటిలో దేనికి కెమెరా బాడీ తగిలించినా మూడు, మహా అయితే మూడున్నర. డబ్బున్నవాళ్ల సంగతికొస్తే, కానన్ 600 ఎఫ్/4 మొదటి ఐఎస్ (వణుకును సరిదిద్దే) మోడల్ 5.36 కిలోలు ఉండేది. తర్వాతది 3.92కు దిగింది. 2018లో వచ్చిన మూడోది 3.05 కిలోలే. లెన్సులు తరం తరానికీ చిక్కిపోతుంటే డబ్బాల మీద మీ వంశం మాత్రం లావెక్కుతోంది. సిగ్మా వాళ్లు ఆకుపచ్చ రంగులో 200-500 ఎఫ్/2.8 అని ఒక భారీ లెన్సు చేశారు, 15.7 కిలోలు. దాన్ని తెచ్చి మీ నెత్తిన పెట్టినా ఇంకా తొమ్మిది కిలోల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఏం పెట్టుకోవాలో కూడా డబ్బా మీద రాయించాల్సింది.

మిమ్మల్ని ఎలా కొలిచారని అడిగేవాడు లేడు. అది మీ అదృష్టం. కెమెరా బ్యాటరీ ఎన్ని ఫొటోలకు వస్తుంది, చెయ్యి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఎన్ని స్టాపులు ఆదుకుంటుంది అని కొలవడానికి జపాన్‌లో సీఐపీఏ అనే తయారీదారుల సంఘం ఒక పద్ధతి పెట్టింది. పెద్ద కంపెనీలు ఆ లెక్క ప్రకారమే చెప్పుకుంటాయి. ట్రైపాడ్ హెడ్ ఇంత మోస్తుందని చెప్పడానికి అందరూ ఒప్పుకుని పాటించే అలాంటి పద్ధతి లేదు. నిట్టనిలువుగా పైనుంచి బరువు పెట్టి, విరగకపోతే "మోసింది" అనొచ్చు. పక్కకు వాల్చి బిగించి, వెంట్రుకవాసి కూడా జారకపోతేనే "మోసింది" అనొచ్చు. రెండూ మోయడమే. ఏది అచ్చువేయాలన్నది వేసేవాడి మనస్సాక్షి.

ఈ రెండింటికీ తేడా ఏమిటో మన అపార్ట్‌మెంట్లలో అందరికీ తెలుసు. బియ్యం బస్తా భుజాన వేసుకుని మూడో అంతస్తుకు చకచకా ఎక్కే మనిషిని, అదే బస్తాను చెయ్యి చాపి ఎదురుగా పట్టుకుని నిలబడమనండి. మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. అన్నట్టు, 2022లో 25 కిలోల దాకా ప్యాక్ చేసి అమ్మే బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడగానే మిల్లులవాళ్లు 26 కిలోల బస్తాలు దింపారు. మీకూ ప్రమోషన్ వచ్చే రోజు ఎంతో దూరం లేదు.

లెన్సు చేయించేది ఆ రెండో పనే. అది బాల్ మీద బుద్ధిగా నిలువునా కూర్చోదు. ముందు ఎండ కాచే హుడ్ తగిలించి, జూమ్ 600కు లాగామంటే ముందున్న గాజంతా ఇంకా ముందుకు పోతుంది. అప్పుడు లెన్సు ఎన్ని కిలోలన్నది కాదు, ఆ బరువు బాల్ మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్నది లెక్క. ఆ దూరం గురించి మీరు ఒక్క ముక్క మాట్లాడరు.

పోయిన సీజన్లో నేలపట్టులో మీ ప్రతాపం కళ్లారా చూశాను. సూళ్లూరుపేట దగ్గర, చెరువులోని చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టే చోటు. ఒక పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడదాకా తల దూర్చి మేత లాక్కుంటోంది. నాతో వచ్చిన కుర్రాడు తల్లి కన్నును ఫ్రేములో సరిగ్గా కావలసిన చోట పెట్టాడు. నాబ్ బిగించాడు. పళ్లు బిగబట్టి ఇంకోసారి బిగించాడు. చెయ్యి తీశాడు. లెన్సు ముక్కు మెల్లగా, ఎంతో మర్యాదగా కిందికి దిగింది. కన్ను ఫ్రేము పైఅంచుకు పోయింది, మధ్యలోకి గూటి పుల్లలు వచ్చాయి. మళ్లీ లేపాడు. ఈసారి తెలివిగా, దిగేది ముందే లెక్కేసి కాస్త పైకి పెట్టి వదిలాడు. ఈసారి దిగలేదు.

"అన్నా, 25 కేజీలు మోస్తుందని రాశాడు కదా?"

"మోస్తోంది కదరా. కింద పడిందా?"

"పడలేదనుకో..."

"మరి మాట తప్పిందెక్కడ?"

చూశారా, మీ తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

ఇంతకీ దిగింది ఎంత? అర డిగ్రీ అనుకుందాం. 24 ఎంఎం లెన్సుకు ఫుల్ ఫ్రేములో (పెద్ద సెన్సర్ కెమెరాలో) నిలువునా 53 డిగ్రీల మేర కనిపిస్తుంది. అందులో అర డిగ్రీ జారితే తీసినవాడికే తెలియదు. 600 ఎంఎంకు నిలువునా కనిపించేది 2.3 డిగ్రీలే. అక్కడ అర డిగ్రీ అంటే ఫొటోలో ఐదో వంతుకు పైనే. అంతకంటే చిన్నదైన 1.5 క్రాప్ సెన్సర్ అయితే మూడో వంతు. కిట్ లెన్సు వాడినన్నాళ్లూ ఇదే హెడ్ బుద్ధిమంతుడు. పెద్ద లెన్సు రాగానే చెడిపోయిందనుకుంటారు. అది అప్పుడూ జారుతూనే ఉంది, కనపడలేదంతే.

బిగిస్తే ఈ వరస. వదులు చేస్తే ఇంకో వరస. పక్షి ఎగిరిందంటే నాబ్ వదలక తప్పదు. వదిలితే లెన్సు బరువు ఎటుంటే అటు ఒరుగుతుంది. కెమెరాను నిలువుగా తిప్పుకోవడానికి బాల్ హెడ్‌కు ఒక పక్క గాడి ఉంటుంది కదా, బంతి మీది కాడ ఒరిగి సూటిగా వెళ్లి అందులోనే పడుతుంది. మధ్యలో మన వేలుంటే అది వేలి ఖర్మ. ఒక్కోసారి ట్రైపాడ్ కాలు కూడా లేస్తుంది. బంతిని కాస్త బిగువుగా తిరిగేలా ఉంచే ఫ్రిక్షన్ నాబ్ ఉన్న మంచి బాల్ హెడ్లలో ఆ పడడం నెమ్మదిగా జరుగుతుంది, పడకుండా ఉండదు. తిరిగే బంతి కింద, బరువు పైన ఉన్నంతకాలం ఎంత ఖరీదైనదానికైనా ఇదే గతి.

అలాగని బాల్ హెడ్‌తో నాకు పేచీ లేదు. అరకు లోయలో పొద్దున్నే మంచు తీయాలన్నా, ఇంట్లో గృహప్రవేశం గ్రూప్ ఫొటోకైనా దానంత చులాగ్గా పనయ్యేది ఇంకోటి లేదు. పేచీ మీతో.

మీ డబ్బాకు రెండు డబ్బాల అవతల గింబల్ హెడ్ ఉంటుంది. చూడ్డానికి వికారంగా, ఒంటి చేత్తో. అమెరికాలో వింబర్లీ వాళ్లు పెద్ద లెన్సువాళ్లలో దానికి పేరు తెచ్చారు. ఇప్పుడు చైనా కంపెనీలవి కూడా బోలెడున్నాయి. దాని దగ్గర బలప్రదర్శనతో పనిలేదు. లెన్సు కాలరు పాదాన్ని క్లాంపులో పెట్టి, రెండు నాబులూ వదిలేసి, పాదానికి బిగించిన ప్లేటును ముందుకూ వెనక్కీ జరుపుతాం. ముక్కు దిగితే వెనక్కి, తోక దిగితే ముందుకు. రెండూ దిగని చోట క్లాంపు బిగిస్తాం. తర్వాత లెన్సు మధ్యగీత ఇరుసు ఎత్తుకు వచ్చేలా ప్లాట్‌ఫామ్ పైకో కిందికో సర్దుతాం. ఇక ఆకాశంలోకి చూపించి చెయ్యి తీసినా అక్కడే ఉంటుంది, నీటి మీదికి చూపించి తీసినా అక్కడే. నాబ్ బిగించే పనే లేదు కాబట్టి జారే ప్రశ్నే లేదు. రెండు వేళ్లతో నడిపించుకోవచ్చు. 150-600 లాగా సాగే జూముకు ఏ ఫోకల్ లెంగ్త్ (జూమ్ అంకె) ఎక్కువ వాడతామో అక్కడ తూకం పెట్టుకోవాలి. సోనీ 200-600 లాగా సాగనివాటికి ఆ బాధ కూడా తక్కువ.

దానికీ తిప్పలున్నాయి, దాచను. వింబర్లీది ఒక్కటే 1.4 కిలోలు. కాలరు లేని లెన్సును అది దగ్గరికి రానీయదు. కాళ్లు సమంగా లేకపోతే పక్కకు తిప్పేకొద్దీ చెరువు ఒక వైపుకు ఒలికిపోతున్నట్టు కనిపిస్తుంది, కాబట్టి కాళ్లయినా సర్దుకోవాలి, హెడ్‌ను సమం చేసే లెవెలింగ్ బేస్ అయినా పెట్టుకోవాలి. బ్యాగులో ఎలా పెట్టినా ఒక మూల పొడుచుకొస్తుంది. వీడియోనే ముఖ్యమనుకునేవాళ్లు ఫ్లూయిడ్ హెడ్ వైపు వెళ్తారు. లోపలి స్ప్రింగ్ బరువును సరితూచుతుంది, డ్రాగ్ (కదలికను కాస్త అడ్డుకునే బిగువు) వల్ల కదలిక నున్నగా వస్తుంది. కొంగ నడకను తీయడానికి హాయి, రామచిలక ఎగిరితే మాత్రం పిడి పట్టుకుని వీడ్కోలు చెప్పాలి.

ఇంకో సంగతి. మీరు అంత ధీమాగా ఉన్నారు కానీ మీ పైనా కిందా ఎవరున్నారో చూశారా? పైన లెన్సు పాదానికి ప్లేటును పట్టి ఉంచేది చాలామంది దగ్గర పావు అంగుళం స్క్రూ ఒక్కటే. బరువైన లెన్సు కాసేపటికి దాన్ని మెలితిప్పేస్తుంది, అందుకే రెండు స్క్రూల ప్లేటు కావాలి. చాలా హెడ్లు వాడే ఆర్కా-స్విస్ రకం ప్లేటు వెడల్పు సుమారు 38 ఎంఎం అంటారు. ఆ "సుమారు" దగ్గరే కంపెనీకో దారి. లీవర్ క్లాంపు ఒకరి ప్లేటును కరుచుకుంటుంది, ఇంకొకరిది వదులుగా పట్టుకుని నవ్వుతుంది. నాబ్ తిప్పి బిగించే క్లాంపుకు ఈ పట్టింపు లేదు. కింద హెడ్‌ను ట్రైపాడ్‌కు పట్టి ఉంచేది 3/8 అంగుళాల స్క్రూ. హెడ్‌ను పక్కకు తిరగనిచ్చే బేస్ నాబ్ వదలడం మరచి, పక్షి వెంట ఎడమకు బలంగా తిప్పుతూ పోతే మొత్తం హెడ్ మరలు ఊడి వచ్చేస్తుంది. అప్పుడు మీ 25 కిలోలు లెన్సుతో సహా మా చేతుల్లో ఉంటాయి.

నా విన్నపం చిన్నది. మిమ్మల్ని ఆ ఎర్ర గుండ్రంలోంచి దింపి ఇలా రాయించండి: మూడు కిలోల లెన్సు, బరువు కేంద్రం బాల్‌కు 10 సెంటీమీటర్లు ముందు, బిగించి చెయ్యి తీశాక దిగేది ఇంత. వచ్చే అంకె చిన్నది, దశాంశ బిందువుతో ఉంటుంది, ఎర్ర గుండ్రంలో పెడితే ఎవడూ ఆగి చూడడు. మీ ఉద్యోగానికి ముప్పని తెలిసే అడుగుతున్నాను.

ఈలోగా ఫోన్ చేసినవాళ్లకు నేను చెప్పేది ఇదే. మీ లెన్సు మీరే షాపుకు పట్టుకెళ్లండి. హెడ్ మీద పెట్టి, జూమ్ చివరికంటా లాగి, రోడ్డవతల షాపు బోర్డు మీద ఒక సున్నాను ఫ్రేము మధ్యలో పెట్టి బిగించండి. చెయ్యి తీసి పది అంకెలు లెక్కపెట్టండి. సున్నా జరిగిందా, ఇంకోటి చూపించమనండి. షాపతను "సార్, 25 కేజీలు సార్" అంటాడు. అననివ్వండి.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
మూడు కిలోల లెన్సువాడు

తా.క.: మీతోపాటు డబ్బాలో వచ్చిన నల్ల గుడ్డ సంచి మాత్రం భేషుగ్గా ఉంది. గాలి ఎక్కువైతే అందులో ఇటుక ముక్కలు నింపి ట్రైపాడ్ కింద కొక్కేనికి తగిలిస్తున్నాం. అది ఎంత మోస్తుందో ఎక్కడా రాయలేదు.