బరువు తక్కువైతే సరిపోదు

టారస్ జీ3సీ, స్కై సీపీఎక్స్-2 అనే రెండు చిన్న పిస్టళ్లను పోల్చిన ఒక వ్యాసంలో తేలికైనదే మేలని తేల్చేశారు. జేబులో పెట్టుకుని తిరగడం వరకూ నిజమే. సీపీఎక్స్-2 ఖాళీగా సుమారు 425 గ్రాములు, జీ3సీ 620 గ్రాములకు అటూ ఇటూ. కానీ రెండూ పేల్చేది అదే 9 ఎంఎం తూటా. పిస్టల్ తేలికయ్యే కొద్దీ చేతికి వచ్చే తన్ను ఎక్కువగా తెలుస్తుంది. యాభై రౌండ్లు కాల్చేసరికి అరచెయ్యి మంటెత్తితే ఇంక ప్రాక్టీస్ ఎవరు చేస్తారు?

అసలు తేడా ట్రిగ్గర్‌లో ఉంది. వ్యాసంలో దాని గురించి ఒక్క వాక్యమే రాశారు! సీపీఎక్స్-2లో ప్రతిసారీ పొడుగ్గా, గట్టిగా లాగాలి. మాన్యువల్ సేఫ్టీ (పొరపాటున పేలకుండా చేత్తో వేసే మీట) లేదు, ఆ బరువైన లాగుడే దానికి రక్ష. కొత్తవాళ్లకు మాత్రం గురి కిందికో పక్కకో జారిపోతుంది. జీ3సీ ట్రిగ్గర్ తేలిక, బొటనవేలి దగ్గర సేఫ్టీ మీట కూడా ఉంది. అయితే ఆ మీటను టెన్షన్‌లో మర్చిపోకుండా దించడం అలవాటు చేసుకోవాలి, అదొక పని.

మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే అరలో, జీ3సీకి 12, సీపీఎక్స్-2కి 10 పడతాయి. అది నాకు పెద్ద విషయం కాదు. జీ3సీకి గ్లాక్ పిస్టళ్ల సైట్లు (గురి చూసే భాగాలు) సరిపోతాయి కాబట్టి తర్వాత మార్చుకోవడం సులువు. నన్నడిగితే జీ3సీయే. చెయ్యి మరీ చిన్నదైతే మాత్రం ముందు రెండూ కాల్చి చూడండి.