బావగారి ఎర్ర చుక్క

డాలస్ తెలుగువాళ్లకు శనివారం వస్తే క్రికెట్టో, గుడో, పిల్లల కూచిపూడి క్లాసో ఉంటుంది. మా బావకు మాత్రం షూటింగ్ రేంజ్. టెక్సస్ గాలి అలాంటిది.

నలభై ఐదు దాటాక ఆయన గ్లాక్ 19 పిస్టల్ మీది ముందు సైటు, అంటే గురి చూసే గుర్తు, మసకబారింది. నిజానికి సైటు బాగానే ఉంది. కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లమంది అక్క. బావ రెడ్ డాట్ అని పిస్టల్ మీద బిగించే గురి అద్దం కొంటానన్నాడు. అద్దంలో కనిపించే ఎర్ర చుక్కని టార్గెట్ మీద పెడితే చాలు, దగ్గరున్న సైటు వైపు చూడక్కర్లేదు. వాదన సబబే.

చిక్కల్లా, బావది మూడో తరం పిస్టల్. స్లైడు, అంటే పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం, దాని మీద రెడ్ డాట్ బిగించే చోటు లేదు. ఆ చోటు కోసి అమ్మే ఎంఓఎస్ మోడళ్లు 2015 నుంచీ ఉన్నాయి. "ఉన్నదాన్నే కోయిస్తే పోయేదానికి కొత్తదెందుకు బామ్మర్దీ, డబ్బు దండగ" అని స్లైడు విప్పి మిల్లింగ్ షాపుకి పార్శిల్ చేశాడు. అక్కడి చట్టం లెక్కలో పిడి ఉన్న కింది భాగం, ఫ్రేమే తుపాకీ, స్లైడు విడిభాగం. మామూలు పార్శిల్లో దర్జాగా పోతుంది. మా అమ్మ పంపే గోంగూర పచ్చడికి ఆ సుఖం లేదు.

ఆర్ఎంఆర్ అనే రెడ్ డాట్ కొలతకి కోయమని రాశాడు. హోలోసన్ కంపెనీ రెడ్ డాట్ 507సీ అందులో చక్కగా కూర్చుంటుంది. ఈలోగా 507కే ఆఫర్లో కనబడింది. ఒక్క అక్షరమే కదా అని కొనేశాడు. కే చిన్న పిస్టళ్లది. దాని అడుగు కొలతా, స్క్రూ రంధ్రాలూ వేరు. కోసి వచ్చిన స్లైడులో పెడితే, అన్నయ్య చెప్పులు తొడుక్కున్న పిల్లాడిలా అటూ ఇటూ జారింది.

ఆఫర్ సరుకు వాపసు తీసుకోరు. సీ కొన్నాడు. దాని అద్దంలోంచి పాత సైట్లు కనబడవని ఎత్తు సైట్లు కొన్నాడు. పిస్టల్ పెట్టుకునే పాత ఒర, హోల్‌స్టర్‌లో పట్టట్లేదని కొత్తది కొన్నాడు. కోసిన చోట తుప్పు పడుతుందని పూతకి మళ్లీ పార్శిల్. అక్క అన్నీ కూడి, కాగితం ఫ్రిజ్‌కి అంటించింది.

రేంజ్‌లో పిస్టల్ ఎత్తి బావ అలాగే నిలబడిపోయాడు.

"బామ్మర్దీ, చుక్క గుండ్రంగా ఉండాలి కదూ?"

"అవును బావా."

"దీనికి తోకుంది. పక్కన ఇంకో రెండు పిల్లలున్నాయి."

రేంజ్ ఆఫీసర్ నవ్వి, పిస్టల్ ఖాళీ చేయించి, చుక్కని ఫోన్‌తో ఫొటో తీయమన్నాడు. ఫొటోలో శుభ్రంగా గుండ్రంగా ఉంది.

సోమవారం కళ్ల డాక్టర్ ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపులో తేడా, అని తేల్చి కళ్లద్దాలు రాశాడు. ఇప్పుడు చుక్క గుండ్రంగా కనిపిస్తోంది. పాత సైటు కూడా స్పష్టంగానే కనిపిస్తోందట. ఆ రెండో సంగతి అక్కకు చెప్పొద్దని నాకు బిర్యానీ కొనిపెట్టాడు.