అమ్మకు బండి నడపడం రాదు

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. స్కూటర్ రాదు, కారు అసలే రాదు. అయినా హైదరాబాద్ కాచిగూడలోని ఇంట్లో ఉన్నన్నాళ్లూ బయటికి వెళ్లడానికి ఎవరినీ అడిగేది కాదు. పొద్దున బడీచౌడీ మార్కెట్‌లో కూరగాయలు, బీపీ మాత్రలకు మందుల షాపు, నెలకోసారి బ్యాంకు, సాయంత్రం గుడి. అన్నీ కాలినడకనే.

మూడేళ్ల కింద మేం నగరానికి పడమర దిక్కున ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి మారాం. జిమ్ము, స్విమ్మింగ్ పూల్, పచ్చిక, అన్నీ ఉన్నాయి. కొత్తిమీర కట్ట కావాలంటే మాత్రం యాప్‌లో పెట్టాలి, లేదంటే నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. ఆర్నెల్లు తిరక్కముందే అమ్మ, "నన్ను మన ఇంట్లో దింపెయ్ నాన్నా, ఇక్కడ కాళ్లుండి కూడా లేనట్టే ఉంది" అంది. ఏడాదికల్లా అందరం వెనక్కి వచ్చేశాం. ఎందుకొచ్చారని ఇప్పటికీ అడుగుతుంటారు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా కింద పోర్షన్‌లో మరాఠీ కుటుంబం, ఎదురింట్లో కన్నడ టీచరమ్మ, వీధి మూల మీద గుజరాతీల ఫర్సాణ్ (కారం చిరుతిళ్లు) కొట్టు. ఎవరో ప్లాన్ గీసి చేర్చిన మనుషులు కాదు వీళ్లు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగు జిల్లాలతో పాటు మరాఠీ, కన్నడ జిల్లాలూ ఉండేవి. చదువుకో, కొలువుకో, వ్యాపారానికో వచ్చినవాళ్లు అటు స్టేషనుకూ ఇటు బజారుకూ నడిచిపోయేంత దగ్గరలో ఇల్లు చూసుకున్నారు. కాచిగూడలో కన్నడవాళ్ల నృపతుంగ బడి, కోఠీ వైపు మరాఠీవాళ్ల విద్యాసంస్థ వివేకవర్ధిని, సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన తెలుగు గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, గౌలిగూడలో గురుద్వారా అలా వచ్చినవే. ఇంటి నుంచి కోఠీ పాత పుస్తకాల దాకా నడిస్తే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మా అమ్మ మరాఠీ నేర్చుకున్నది మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూనే.

పోయిన ఎండాకాలం అమ్మకు బడీచౌడీలో కళ్లు తిరిగాయి. ఆకుకూరలమ్మే చాచా తన గోనెసంచి మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, కొడుకును మా ఇంటికి పరుగెత్తించాడు. ఆయన దగ్గర మా ఫోన్ నంబర్ లేదు. ఇల్లు తెలుసు, అంతే. ఇరవై ఏళ్లుగా రోజూ రెండు మాటలు మాట్లాడుకుంటే వచ్చిన చనువు అది. గేటెడ్ కమ్యూనిటీలో మా ఫ్లోర్‌లో ఉన్నవాళ్ల పేర్లు నాకు ఏడాదైనా తెలియలేదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. లిఫ్ట్ నుంచి కారుకు, కారు నుంచి లిఫ్ట్‌కు పోతుంటే మనిషి మనిషికి ఎక్కడ ఎదురుపడతాడు?

మా దగ్గర అంతా బాగుందని మాత్రం చెప్పను. నా ఆఫీసు స్నేహితుడు ముస్లిం. మా చుట్టుపక్కల ఇల్లు కోసం రెండు నెలలు తిరిగాడు. పేరు వినగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అన్నారు. దళిత కుటుంబాలకూ ఇదే అనుభవం. చాచా ఇచ్చిన నీళ్లు తాగుతాం, ఆయన పేరున్నవాళ్లకు ఇల్లు మాత్రం ఇవ్వం. ఇది మా వీధి మీద మచ్చ. ఈ మాట మా వీధిలో ఇళ్ల ఓనర్లకు మొహం మీదే చెప్పాను.

ఇక ఫుట్‌పాత్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడిచే దారి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. మా మెయిన్ రోడ్డు మీద ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఒకచోట షాపు మెట్లు, మిగిలినచోట బైకులు. అందరూ తోపుడుబండ్ల వాళ్లనే తిడతారు. నాకు అది అన్యాయమనిపిస్తుంది. మేం నడిచేదే వాళ్ల దగ్గరికి. వాళ్లకు చోటు చూపించమని 2014లోనే చట్టం వచ్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32 వేల మందికి పైగా నడిచి వెళ్లేవాళ్లే. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా డబ్బులొచ్చినప్పుడల్లా ఫ్లైఓవర్లు, రోడ్ల విస్తరణ అనే వింటున్నాం. కారు లేని ముసలివాళ్లు, పిల్లలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు.

చౌరస్తాలో నడిచేవాళ్లకు సిగ్నల్ లేదు. అమ్మ చెయ్యెత్తి, బస్సుకూ ఆటోకూ మధ్య నుంచి దాటుతుంది. ఆమె తిరిగొచ్చేదాకా నాకు టెన్షనే. అందుకే సిగ్నల్, జీబ్రా గీతలు కావాలని అర్జీ రాశాం. ఇప్పటికి అరవై రెండు సంతకాలు, ఐదు లిపుల్లో. సోమవారం ఇవ్వబోతున్నాం. కాగితం ఫర్సాణ్ కొట్టులో ఉంది. చుట్టుపక్కల ఉండేవాళ్లు ఆదివారం రాత్రిలోగా వచ్చి సంతకం పెట్టండి.