అక్క పేపర్ ఒక్కటైనా తెరిచి చూశారా?

మొన్న బుధవారం మా కాలేజీలో ప్రమోషన్ ఇంటర్వ్యూలు జరిగాయి. బెంగళూరులోనే, ఏ కాలేజీ అన్నది వద్దు. మా ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో నాకంటే పన్నెండేళ్లు సీనియర్ ఒక మేడమ్ ఉన్నారు. అనంతపురం ఆవిడ, నేను అక్కా అనే పిలుస్తాను. లోపలికి వెళ్లిన పది నిమిషాలకే బయటికి వచ్చేశారు. "ఏమడిగారక్కా?" అంటే, "హెచ్-ఇండెక్స్ ఎంతన్నారమ్మా. ఐదన్నాను. ఇక నా పని గురించి ఒక్క మాట అడగలేదు" అన్నారు. హెచ్-ఇండెక్స్ అంటే, మన పరిశోధన పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే ఒక అంకె. క్యాంటీన్‌లో కాఫీ చల్లారిపోయినా అక్క ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి నాకు కడుపు మండిపోతోంది.

ఆ ఐదు వెనక ఏముందో చెప్తాను. ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో బాగేపల్లి ఉంది. కర్ణాటకే అయినా చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. ఒకటో తరగతి పిల్ల బొమ్మ చూసి "పులి" అంటుంది. బొమ్మ కింద రాసి ఉన్నది "హులి". ఇంట్లో పాలు, బడిలో హాలు. టీచరు తప్పని కొట్టేస్తే ఆ పిల్ల ఇక నోరు విప్పదు. నిజానికి ఆ పిల్లకు అక్షరం రాలేదా, లేక అక్షరం చూడకుండా అర్థాన్ని పట్టుకుందా? ఈ రెండూ ఒకటి కాదు, వీటికి చెప్పాల్సిన పాఠాలూ ఒకటి కాదు. అది తేల్చడానికి అక్క అవే బడుల్లో, అవే పిల్లలతో, ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా కూర్చున్నారు. నాలుగేళ్లు. తెల్లవారుజామున బస్సు, ఒక్కో పిల్లతో విడివిడిగా అరగంట. మధ్యలో వలసపోయిన కుటుంబాల పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లడం కూడా. అన్నేళ్లకు ఒక పేపర్ వచ్చింది.

మన లిపులు నేర్వడానికి టైమ్ పడుతుంది కాబట్టి, ఆ నేర్వడాన్ని చూడడానికీ టైమ్ పడుతుంది. కన్నడ పిల్లల చదువు మీద పరిశోధకురాలు సోనాలీ నాగ్ చేసిన పని 2007లో అచ్చయింది. ఇంగ్లీషు అక్షరాలకు పట్టే కాలం కంటే కన్నడ అక్షరాలన్నీ పట్టుబడడానికి చాలా ఎక్కువ కాలం పడుతుందని అందులో తేలింది. గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రూపాలు మరి. ఆన్‌లైన్ ఫారమ్ పంపి, రెండు వందల మంది కాలేజీ పిల్లలతో నింపించి, నెలకో పేపర్ రాసేవాళ్లతో ఈ పనిని ఒకే అంకెతో ఎలా పోలుస్తారు?

హెచ్-ఇండెక్స్ లెక్క తెలియనివాళ్లకు: మీ పేపర్లలో పదింటికి తలా కనీసం పది సైటేషన్లు, అంటే ఇతరుల పేపర్లలో ఉదహరింపులు, ఉంటే మీ అంకె పది. మొత్తం ఐదు పేపర్లే రాసిన మనిషికి, అందులో ఒకదాన్ని వేయి మంది ఉదహరించినా, అంకె ఐదు దాటదు. 2005లో దీన్ని ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. ఒక మనిషి పనిని ఒక్క అంకె ఉజ్జాయింపుగా తప్ప చెప్పలేదని ఆయనే ఆ పేపర్‌లో రాశారు. పైగా ఈ అంకె ఎక్కడ చూశామన్నదాన్ని బట్టి మారుతుంది. పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, రిపోర్టులు కూడా లెక్కేస్తుంది కాబట్టి అక్కడ అంకె పెద్దగా కనిపిస్తుంది, ఎంపిక చేసిన ప్రచురణల్నే లెక్కేసే స్కోపస్ అనే డేటాబేస్‌లో చిన్నగా ఉంటుంది. అక్క చెప్పిన ఐదు స్కోపస్‌ది. ఎక్కడి లెక్క అని కూడా వాళ్లు అడగలేదు.

సైటేషన్లు వద్దని నేననను. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పాఠాన్ని విద్యార్థులతో చదివించి చూశారు. మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. వేల మంది దాన్ని ఉదహరించారు, అది న్యాయమే. నా క్లాసులో నేనూ వాడతాను. కానీ చదివాకే కదా దాని విలువ నాకు తెలిసింది!

ఇంకో పక్క చూడండి. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి అని బీఈడీలో మేమంతా బట్టీ పట్టాం. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త పాష్లర్, ఆయన తోటివాళ్లు దీని మీద ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. పిల్లల స్టైల్‌ని బట్టి పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అయినా దాని మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి, ఒకరినొకరు ఉదహరించుకుంటూనే ఉన్నారు. ఒక పేపర్‌ని తప్పని చెప్పడానికి ఉదహరించినా దాని ఖాతాలో పడేది సైటేషనే. అంకె మాత్రమే చూసేవాళ్లకు ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఈ అంకెల టెన్షన్‌లో పిల్లలు, నా పీహెచ్‌డీ స్కాలర్లు, ఏమవుతున్నారో చూస్తుంటే భయమేస్తోంది. "బడులకు వెళ్తే లేటవుతుంది మేడమ్, సర్వే చేసేస్తాను" అంటోంది ఒకమ్మాయి. డబ్బు కడితే పేపర్‌లో పేరు పెడతామని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి. ఆ అమ్మాయిని తిట్టాలని నాకు మనసు రాలేదు. బుధవారం అక్కకు జరిగింది తనూ చూసింది.

నిన్న డీన్ గారికి ఉత్తరం ఇచ్చాను. వచ్చేసారి ప్రతి అభ్యర్థి తనకు నచ్చిన పేపర్ ఒక్కటి ముందే ఇవ్వాలి, కమిటీలో ప్రతి ఒక్కరూ అది చదివి రావాలి, దాని మీదే ప్రశ్నలడగాలి అని రాశాను. అక్క ఇంటర్వ్యూ మళ్లీ జరపాలని కూడా అడిగాను. ఇంకా జవాబు రాలేదు. సోమవారం స్వయంగా వెళ్లి అడుగుతాను, పులి, హులి పేపర్ ప్రింటు తీసి చేతిలో పట్టుకుని.